యుద్ధం ముగిసినా... నిద్ర పట్టదు!

సైన్యంలో ఉన్న మీ అబ్బాయో, మీ వారో సరిహద్దు నుంచి సెలవు మీద ఇంటికొచ్చారు. ఇల్లంతా సందడి. ఆయన మాత్రం ముభావంగా ఉంటున్నారు. వీధిలో టపాసు పేలితే ఉలిక్కిపడుతున్నారు. అర్ధరాత్రి కేకలు వేస్తూ లేస్తున్నారు. పెళ్లికి బయల్దేరదామంటే ‘మీరెళ్లి రండి’ అంటున్నారు. చిన్న మాటకే చిర్రెత్తిపోతున్నారు. ‘మిలటరీకి వెళ్లాక మనిషే మారిపోయాడు’ అని సరిపెట్టుకోకండి. ఇది పొగరు కాదు, పిరికితనం అంతకన్నా కాదు. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) కావచ్చు.

పాత బాధే

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం లాంటి ఊళ్ల నుంచి తరతరాలుగా సైన్యంలో చేరుతున్నారు. సైనికుల ధైర్యం గురించి చెప్పుకొన్నంతగా వాళ్ల నిద్ర గురించి మనం మాట్లాడుకోం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతల మధ్య గడిపినవారికి వణుకు, మాట పడిపోవటం వంటివి కనిపిస్తే ‘షెల్ షాక్’ అన్నారు. చాలామందిపై పిరికివాళ్లనే ముద్ర వేశారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థలు చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని పీటీఎస్‌డీగా గుర్తించింది.

ఎందుకిలా?

ప్రమాదాన్ని పసిగట్టి మనల్ని అప్రమత్తం చేసేది మెదడులోని అమిగ్డలా. యుద్ధభూమిలో ప్రాణం కాపాడేది ఇదే. కొందరిలో ఇంటికొచ్చాకా ఇది శాంతించదు. జరిగిపోయిందే ఇప్పుడు మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తుంది. తోటివాడు పోయి తాను మిగిలినందుకు కుమిలిపోతుంటారు. ఇలాంటి లక్షణాలు నెలకు మించి వేధిస్తుంటే డాక్టరును కలవాలి. కొందరిలో ఇవి నెలలు, ఏళ్ల తర్వాతా బయటపడొచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* ‘అక్కడేం జరిగింది?’ అని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆయనే చెబుతుంటే అడ్డు రాకుండా వినండి.

* పీడకలతో కలవరిస్తుంటే పట్టుకొని కుదపొద్దు. లైటు వేసి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవండి.

* నిద్ర కోసం రోజూ మందు తాగుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. మద్యం నిద్రను, జబ్బును మరింత చెడగొడుతుంది.

* ‘బతకాలని లేదు’ అంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే అందుబాటులో లేకుండా చూడండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చికిత్స ఉంది

భయపెట్టే జ్ఞాపకాలను నిపుణుల సాయంతో మెల్లగా ఎదుర్కోవటం నేర్పే ప్రత్యేక కౌన్సెలింగ్, కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ చికిత్స బాగా ఉపయోగపడతాయి. అవసరమైతే సెర్ట్రలీన్ వంటి మందులు ఇస్తారు. ఇవి పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గింది కదాని సొంతంగా ఆపొద్దు.

సర్వీసులో ఉన్నవారు యూనిట్ డాక్టరును, రిటైరైనవారు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌ను సంప్రదించొచ్చు. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎవరైనా, ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. ‘నలుగురికీ తెలిస్తే ఎలా?’ అనే సంకోచంతో ఆలస్యం చేయకండి. కాలికి తూటా తగిలితే దాచుకోం కదా!