ఆటిజం గల బిడ్డ యౌవనంలో అడుగిడే వేళ

మొఘల్‌పురాలోని మా వైద్యశాలకు వచ్చే ఆటిజం బిడ్డల తల్లిదండ్రులు, బిడ్డకు అయిదేండ్లున్నప్పుడు "మాటలు ఎప్పుడు వస్తాయి?" అని అడుగుతారు. పదహారేండ్లు వచ్చేసరికి "మా తదనంతరం వీడి గతి ఏమిటండీ?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు సమాధానం మందుల అలమారలో లేదు, ఇంటి దినచర్యలో ఉంది.

ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే వచ్చే భేదం. దీనిని ఉన్మాదమనడం తగదు. బ్రాహ్మి, అశ్వగంధ వంటి ఓషధులు దీనిని తొలగించలేవు. పాదరసం, సీసం కలిసిన మందులను ఎవరో చెప్పారని వాడడం ప్రమాదకరం.

దినచర్యయే బలం

ఈ బిడ్డలకు క్రమం తప్పితే కలవరం, క్రమం కుదిరితే నిశ్చింత. ఆయుర్వేదం చెప్పిన దినచర్య కూడా క్రమమే. నిద్రలేవడం, దంతధావనం, స్నానం, భోజనం, నిద్ర ఒకే వేళకు, ఒకే వరుసలో జరగాలి. ఆ వరుసను బొమ్మలుగా గీసి గోడకు అంటించండి. నూనె మర్దన కొందరికి హాయినిస్తుంది, కొందరు స్పర్శనే సహించలేరు. బలవంతం వద్దు.

సుశ్రుతుడు పదహారేండ్ల లోపు వయస్సును బాల్యమన్నాడు. ఆ లోపే పనులు ఒక్కొక్కటిగా బిడ్డకు అప్పగించాలి. చొక్కా తొడిగి, చివరి గుండీ మాత్రం బిడ్డ చేత పెట్టించండి. అది వచ్చాక చివరి రెండు, ఆ తరువాత మూడు. పని పూర్తిచేసిన తృప్తి ప్రతిసారీ బిడ్డదే అవుతుంది.

గడ్డం గీసుకోవడం, తలుపు వేసుకొని స్నానం చేయడం, తన శరీరాన్ని ఇతరులు తాకరాదనడం ఇలాగే నేర్పాలి. ఆడపిల్లకు రజస్వల కాకముందే ప్యాడ్ల వాడకం చూపించాలి.

చెప్పలేని బాధ

మాటలు రాని బిడ్డ హఠాత్తుగా తల గోడకు కొట్టుకుంటే, దానిని మొండితనమని కోప్పడకండి. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో చూడాలి. మూర్ఛలు కొందరిలో ఈ వయస్సులోనే మొదలవుతాయి. మూర్ఛ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో ఏమీ పెట్టరాదు, చేతికి తాళాలు ఇచ్చినందువలన ప్రయోజనం లేదు. నరాల వైద్యుడిచ్చిన మాత్రలను మా మందుల కోసం ఆపరాదు.

వీధికి పరిచయం

లాల్‌దర్వాజ బోనాల డప్పులు, రంజాను రాత్రుల చార్మినారు సందడి మనకు పండుగ, ఈ బిడ్డలకు యాతన కావచ్చు. రెండు రోజుల ముందుగానే బొమ్మలతో చెప్పి, ఆ వేళకు నిశ్శబ్దమైన గది సిద్ధపరచండి. ప్రతిరోజూ ఒకే కిరాణా దుకాణానికి తీసుకువెళ్ళండి. దుకాణదారుకు, ఇరుగుపొరుగుకు బిడ్డ స్వభావం వివరించండి.

1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజం గురించి వ్రాసిన వ్యాసంలో మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో బ్యాంకు ఉద్యోగం చేసి, కారు నడిపి, 89 ఏండ్లు జీవించి 2023లో కన్నుమూశాడు. ఆటిజం పోలేదు. ఊరు ఆయనను తనవాడనుకున్నది. అందరు బిడ్డలూ అంత దూరం వెళ్ళకపోవచ్చు, కానీ ఎరిగిన వీధి ప్రతి బిడ్డకూ రక్షణే.

పద్దెనిమిది నిండకముందే

18 ఏండ్లు నిండగానే బిడ్డ చట్టరీత్యా మేజరు. తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం అంతటితో ముగుస్తుంది. అవసరమైతే 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. ఏయే విషయాలకు సంరక్షణ కావాలో ముందే ఆలోచించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది కనుక ధ్రువపత్రం, గుర్తింపు కార్డు తీసుకోండి. నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు భరిస్తుంది. వృత్తి శిక్షణకు, సలహాకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థను సంప్రదించవచ్చు.

బిడ్డ కోసం మీరు నేటికీ చేస్తున్న పనులన్నీ ఒక కాగితంపై వ్రాయండి. వాటిలో సులువైనదానిని ఈ వారమే బిడ్డ చేతికి అప్పగించడం మొదలుపెట్టండి.