పొలిమేరల గణితం: కొల్లేరు ఉదాహరణగా ఉపక్షేత్ర పద్ధతులు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు నీటిని చేరుస్తాయి. ఆ నీరు సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు. అక్కడి పోటు, పూడిక ఏలూరు వైపు పల్లపు గ్రామాల్లో వరద ఎన్నాళ్లు నిలుస్తుందనే దాన్ని ప్రభావితం చేస్తాయి. ఈ నీటిమట్టాన్ని ముందుగా లెక్కకట్టేందుకు ఉపకరించే సాధనాల్లో పరిమిత మూలక పద్ధతి ఒకటి. ఇందులో సరస్సును చిన్న త్రిభుజాలుగా విభజిస్తారు. ప్రతి శీర్షం వద్ద నీటిమట్టం ఒక అజ్ఞాతరాశి. చేపల చెరువుల గట్లను కూడా చూపదలిస్తే ఈ రాశులు లక్షలకు చేరవచ్చు.

అందుకే ప్రదేశాన్ని ఉపక్షేత్రాలుగా పంచి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క ప్రాసెసర్‌కు అప్పగిస్తారు. ఈ ఆలోచనకు మూలం 1870లో హెర్మన్ ష్వార్జ్ ప్రతిపాదించిన పద్ధతి. ఆయనకు వేగంతో పనిలేదు. సంక్లిష్టాకృతి గల ప్రదేశంలో పరిష్కారం ఉన్నదని నిరూపించడమే లక్ష్యం.

రెండు ఉపక్షేత్రాలు కలిసే రేఖను ఏమనాలి? ‘సరిహద్దు’ వెలుపలి అంచుకూ వర్తిస్తుంది. ‘పొలిమేర’ రెండూళ్లకూ ఉమ్మడి కనుక అదే ఉచితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చిక్కంతా ఆ ఉమ్మడితనంలోనే ఉంది. పొలిమేరకు ఇరువైపులా మట్టం సమానంగా ఉండాలి. ఒకవైపు నుంచి వెళ్లిన ప్రవాహం రెండోవైపుకు పూర్తిగా చేరాలి. షార్బెల్ ఫర్హాత్, ఫ్రాంస్వా-గ్జావియే రూ 1991లో ప్రతిపాదించిన ‘ఫెటి’ పద్ధతి ప్రవాహాన్ని ముందే సరిపెట్టి, మట్టాల తేడాను ఆవృత్తుల ద్వారా తొలగిస్తుంది. 1993 నాటి యాన్ మాండెల్ పద్ధతి మట్టాన్ని ఉమ్మడిగా ఉంచి ప్రవాహాన్ని సవరిస్తుంది.

అయితే ప్రతి ఉపక్షేత్రం పొరుగుదానితో మాత్రమే సంప్రదిస్తే, ఉప్పుటేరు వద్ద వచ్చిన మార్పు ఒక్కో ఆవృత్తికి ఒక్కో పొలిమేర చొప్పున ఏలూరు వైపు సాగుతుంది. ఉపక్షేత్రాలు పెరిగేకొద్దీ ఆవృత్తులూ పెరిగి, ప్రాసెసర్లను పెంచిన ప్రయోజనం దక్కదు. దీనికి విరుగుడు ‘స్థూల సమస్య’: ఉపక్షేత్రానికి కొద్దిపాటి రాశులనే తీసుకొని, సరస్సు మొత్తానికి ఒక చిన్న వ్యవస్థను ప్రతి ఆవృత్తిలోనూ పరిష్కరించడం. 2003లో క్లార్క్ డోర్‌మన్ ప్రతిపాదించిన పద్ధతిలో ఉపక్షేత్రాల మూలల్లోని రాశులు ఈ పాత్ర వహించగలవు. అప్పుడు, తగిన షరతులకు లోబడి, ఆవృత్తులను శాసించే సూచిక ఉపక్షేత్రాల సంఖ్యపై ఆధారపడదు. ఉపక్షేత్రపు వెడల్పుకూ త్రిభుజపు వెడల్పుకూ గల నిష్పత్తి యొక్క సంవర్గమానపు వర్గాన్ని అనుసరించి, నెమ్మదిగా మాత్రమే పెరుగుతుంది.

ఆ షరతుల్లో ఒకటి కొల్లేరుకు ముఖ్యం. గట్టు వద్ద నీటి ప్రవాహశక్తి ఒక్కసారిగా మారుతుంది. ఆ మార్పు పొలిమేరపైనే పడితే తగిన భారాలతో సగటు తీసి సర్దవచ్చు. ఉపక్షేత్రం నడుమ పడితే మూలల రాశులు చాలకపోవచ్చు. కనుక త్రిభుజాల సంఖ్యను మాత్రమే సమంగా పంచే విభజన ఇక్కడ సరిపడదు. విభజనరేఖలను వీలైనంతవరకు గట్ల వెంటనే గీయాలి.