మెడలో బిళ్ల కట్టిందా? దాచకండి

ఒక సాయంకాలం గృహదర్శనానికి వెళ్లినప్పుడు ఆ యింటి అమ్మాయి చున్నీని మెడచుట్టూ బిగించుకొని కూర్చుంది. మూడు నెలలుగా మెడ పక్కన బిళ్ల. పసుపు, సున్నం పట్టీలు వేస్తున్నారు. "అయ్యగారూ, పెళ్లికెదిగిన పిల్ల. గండమాల అని నలుగురికీ తెలిస్తే సంబంధాలు వస్తాయాండి?" అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంది.

మెడలోని లింఫు గ్రంథులు శరీరానికి కావలివాళ్లు. గొంతునొప్పి, పుచ్చిపళ్లు, చెవిలో చీము, పేలవలన తలలో పుండ్లు ఉన్నప్పుడు క్రిములతో పోరాడి అవి ఉబ్బుతాయి. ముట్టుకుంటే నొప్పి పెడతాయి. అసలు జబ్బు నయమైతే చాలావరకు అవే తగ్గిపోతాయి.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం అశ్రద్ధ చేయరాదు. నొప్పిలేకుండా పెరిగే బిళ్లలు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం క్షయకు గుర్తులు కావచ్చు. పూర్వులు గండమాల అన్నది ఎక్కువగా ఈ క్షయనే. గట్టిగా, కదలకుండా ఉండే బిళ్ల కాన్సరుదీ కావచ్చు.

మన జిల్లాల్లో పెద్దవయసు స్త్రీలు కొందరు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకునే ఈ అలవాటుకూ అంగిటి కాన్సరుకూ ఉన్న సంబంధాన్ని వైద్యులు 1957లోనే రాశారు. అలాంటి తల్లులకు మెడలో బిళ్ల కనబడితే నోరు కూడా తప్పక చూపించాలి.

చేత్తో తడిమి ఏ జబ్బో చెప్పడం వైద్యునికైనా కష్టమే. సన్నని సూదితో బిళ్లలోనుండి కొద్దిగా తీసి పరీక్షిస్తారు. కోత, కుట్లు ఉండవు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని భయపడనక్కరలేదు. అవసరమైతే గ్రంథిని తీసి ముక్క పరీక్ష చేస్తారు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. ఊపిరితిత్తుల్లో క్షయ లేకపోతే, బిళ్లల క్షయ పక్కవారికి గాలిద్వారా అంటదు.

ఆ అమ్మాయిని మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడనుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. క్షయ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. పోషకాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి అది 1,000 అయింది.

రెండో నెలలో బిళ్ల ఇంకొంచెం ఉబ్బింది. మందులు పనిచేయడం లేదని మానేయబోయారు. క్రిములు చస్తున్నప్పుడు అలా ఉబ్బడం ఉంటుందని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. ఆరు నెలలూ వాడింది, నయమైంది.

మొన్న సంబంధం వచ్చినప్పుడు ఆ తల్లే జరిగినదంతా వారికి చెప్పింది. అమ్మాయి మెడకు చున్నీ లేదు.