విజ్ఞానసర్వస్వములో నగ్నచిత్రములు

2001లో ఆరంభమైన వికీపీడియా యను అంతర్జాల విజ్ఞానసర్వస్వమును నేడు మన పిల్లలును చదువుచున్నారు. అందు నగ్నచిత్రము లుండవచ్చునా? కొందరు నొచ్చుకొనినంత మాత్రమున చిత్రమును తీసివేయరాదనియు, నొప్పించు చిత్రమును వ్యాసార్థము తెలియుటకు అవసరమైననే యుంచవలెననియు దాని నియమము.

శ్రవణబెళగొళలోని గోమటేశ్వరుని 57 అడుగుల శిలావిగ్రహము దిగంబరమే. ఆ వ్యాసమున దానిని కప్పి చూపుట అసత్యమగును. శరీరశాస్త్ర వ్యాసములకును అట్టి పటములు కావలయును. ఈతను గూర్చి చదువువానికి మాత్రము నగ్నచిత్రముతో పనిలేదు.

కావున నేను మూడు సంగతులు విచారింతును. మాటలకందని దానిని చిత్రము తెలుపుచున్నదా? వస్త్రములు ధరించిన చిత్రము చాలదా? సజీవుల ఛాయాచిత్రమైనచో, తీయుటకును ప్రకటించుటకును వారు సమ్మతించిరా? సమ్మతి లేనిచో తక్కిన రెండును విచారింప నక్కరలేదు. చూచువాని సిగ్గుకంటె చూపబడినవాని మానము మిన్న.