రాజకీయ ప్రసంగంలో కాకువు: పాలకొల్లు 2009 ఎన్నికల నేపథ్యం

1. ప్రస్తావన:

కంఠస్వరం మాట అర్థాన్ని మార్చగలదని భారతీయ లాక్షణికులు ఏనాడో గుర్తించారు. నాట్యశాస్త్రంలో భరతుడు వాచికాభినయాన్ని వివరిస్తూ కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు విధాలుగా చెప్పాడు. ఇంకా ఏదో మిగిలి ఉందన్న అపేక్షను కలిగించేది మొదటిది. అర్థం పూర్తయినట్లు తోపించేది రెండవది. ఎన్నికల సభలో “ఇది న్యాయమా?” అని స్వరం పైకెత్తి ఆగిన వక్త ఆ అపేక్షను పూరించే పనిని జనానికే వదులుతాడు.

2. కొలిచే విధానం:

ఆధునిక ధ్వనిశాస్త్రం కాకువును ప్రధానంగా స్వరస్థాయి, తీవ్రత, వ్యవధి, విరామం అనే అంశాల ద్వారా పరిశీలిస్తుంది. తెలుగులో స్వరస్థాయి మారినంత మాత్రాన పదం మారదు. అందువల్ల వక్త దానిని భావప్రకటనకు స్వేచ్ఛగా వాడుకోగలడు. అచ్చు నిడివి విషయంలో అంత స్వేచ్ఛ లేదు: ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. ‘సోదరులారా’ వంటి సంబోధనల చివరి దీర్ఘం మాత్రం సాగదీతకు అనువైన చోటు.

స్వరస్థాయిని హెర్ట్జ్‌లలోనే పోల్చితే పొరపాటు జరుగుతుంది. 100 నుండి 150కి, 200 నుండి 300కి పెరగడం సంగీతపరంగా ఒకే అంతరం, సుమారు 7 అర్ధస్వరాలు. స్త్రీ, పురుష వక్తలను పోల్చేటప్పుడు ఈ ప్రమాణమే సముచితం.

3. పాలకొల్లు ఉదాహరణ:

ప్రజారాజ్యం పార్టీని 2008లో స్థాపించిన చిరంజీవి 2009 శాసనసభ ఎన్నికల్లో పాలకొల్లు, తిరుపతి స్థానాల నుండి పోటీ చేశారు. ప్రేక్షకులకు చిరపరిచితమైన ఆయన సినిమా కంఠం స్టూడియో నిశ్శబ్దంలో నమోదైనది. సభావేదికపై వినిపించే కంఠం జనఘోష నడుమ పలికేది. చుట్టూ రొద పెరిగితే మనిషి అప్రయత్నంగా గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లో వివరించాడు. అప్పుడు తీవ్రతతోపాటు స్వరస్థాయి కూడా పెరుగుతుంది. కాబట్టి సభలోని హెచ్చుస్వరాన్ని వెంటనే ఆగ్రహంగానో ఆవేశంగానో నిర్ధారించడం శాస్త్రీయం కాదు.

ఆ ఎన్నికల్లో ఆయన తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో ఓడిపోయారు. వక్త ఒక్కడే, ఎన్నిక ఒక్కటే, తీర్పులు రెండు. స్వరాన్ని ఫలితానికి కారణంగా చూపే వాదానికి ఇది గట్టి హెచ్చరిక.

4. ముగింపు:

వక్తను మొదట అతనితోనే పోల్చాలి. ఒకే సభలోని మామూలు వాక్యాలను ఆధారరేఖగా తీసుకొని, ఊనికతో పలికిన వాక్యాలు దాని నుండి ఎంత తొలగాయో లెక్కించాలి. మైకు దూరం మారితే తీవ్రత విలువలూ మారతాయి గనుక వాటిని జాగ్రత్తగా వినియోగించాలి. వక్త జనాన్ని ఎలా పలకరించాడో స్వరవిశ్లేషణ చెప్పగలదు. జనం ఎవరికి ఓటు వేశారో, ఎందుకు వేశారో చెప్పలేదు.