క్షేత్ర పరిశోధనలో వీడియో కెమెరా: బ్యాటరీ మౌంట్ల బలహీనత, వారంటీ మరమ్మతులు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: జానపద, గిరిజన కళారూపాల క్షేత్ర పరిశోధనలో వీడియో చిత్రీకరణ నేడు ప్రధాన ఆధారం. కెమెరాకు బ్యాటరీని పట్టి ఉంచే మౌంట్ వదులైతే ఆ ఆధారమే చేజారుతుంది. ఆ భాగం ఎందుకు త్వరగా దెబ్బతింటుంది, అప్పుడు ఫైలుకు ఏమవుతుంది, వారంటీ వివాదం ఎక్కడ మొదలవుతుంది అనే అంశాలను తార్నాక పరిసర విశ్వవిద్యాలయాల పరిశోధకుల అవసరాల దృష్ట్యా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: క్షేత్ర పరిశోధన, వీడియో కెమెరా, బ్యాటరీ మౌంట్, వారంటీ, వినియోగదారుల రక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

తార్నాక ప్రాంతానికి వీడియో కెమెరా కొత్తది కాదు. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘం 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో విద్యా ప్రసారాలను ప్రారంభించింది. వాటికి కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, నేడు ఇఫ్లూగా పిలుస్తున్న నాటి సీఫెల్‌లోనూ ఏర్పడ్డాయి. అటువంటి స్టూడియోలలో కెమెరాను కనిపెట్టుకుని ఉండడానికి సాంకేతిక సిబ్బంది ఉంటారు. నేటి పరిశోధకుడికి ఆ సదుపాయం లేదు. శాఖ ఇచ్చిన కెమెరానో, ఫెలోషిప్ డబ్బుతో కొన్న కెమెరానో భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సులో ఒంటరిగా బయలుదేరుతాడు.

మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తీసుకువచ్చే ఘట్టంలో కెమెరా ఆగిపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. పీహెచ్‌డీ గడువు అన్నాళ్లు ఆగదు. పటం కథ చెప్పే వృద్ధ కళాకారుల విషయంలో రెండో అవకాశమే ఉండకపోవచ్చు. కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ కొక్కెం గురించి పరిశోధన పత్రికలో చర్చించడానికి కారణం ఇదే.

2. మౌంట్ ఎందుకు విరుగుతుంది?

వృత్తిపరమైన పెద్ద కెమెరాలలో రెండు పద్ధతులున్నాయి. వి-మౌంట్‌లో బ్యాటరీకి ఉన్న చీలిక ఆకారపు భాగం ప్లేటులోని గాడిలోకి దిగుతుంది. గోల్డ్ మౌంట్‌లో మూడు పిన్నులు రంధ్రాలలో కూర్చుని పక్కకు జరిగి బిగుస్తాయి. చేతి కెమెరాలలో ఎక్కువగా కనిపించేవి 7.2 వోల్టుల ఎన్‌పీ-ఎఫ్ తరహా బ్యాటరీలు. అవి వెనుక ఉన్న సన్నని ప్లాస్టిక్ గాడులలో జారి కూర్చుంటాయి. ఇంకా చిన్న కెమెరాలలో బ్యాటరీ లోపలికి వెళ్తుంది. దాన్ని ఆపేది మూత, చిన్న నాలుక మాత్రమే.

14.4 వోల్టుల వి-మౌంట్ బ్యాటరీ ఒక్కొక్కటి ముప్పావు కిలో దాకా తూగవచ్చు. ఆ బరువు కెమెరా వెనుక వేలాడుతుంది కాబట్టి బస్సు కుదిపిన ప్రతిసారీ కొక్కెం మీద మీటతో ఎత్తినంత ఒత్తిడి పడుతుంది. బ్యాటరీ తగిలించి ఉంచి ట్రైపాడ్‌తో సహా భుజాన వేసుకుని నడిచే అలవాటు ఈ నష్టానికి తొలి కారణం. రెండోది కొలతలు సరిపోని చవక బ్యాటరీలు. వదులుగా ఉన్నది ఊగి గాడిని అరగదీస్తుంది; బిగువుగా ఉన్నది దాన్ని చీలుస్తుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీ మూడోది. ఇరుక్కుపోయిన బ్యాటరీని స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే గాడి విరుగుతుంది, బ్యాటరీకి చిల్లుపడితే మంటలు రేగే ప్రమాదమూ ఉంది.

కంటికి కనిపించే విరుగుడు కంటే మోసకరమైనది టెర్మినళ్ల అరుగుదల. 20 వాట్లు వాడే కెమెరా 14.4 వోల్టుల దగ్గర సుమారు 1.4 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దుమ్ము వల్లనో, స్ప్రింగు సడలడం వల్లనో స్పర్శ నిరోధం అర ఓమ్‌కు పెరిగితే 0.7 వోల్టు అక్కడే పోతుంది. దాదాపు ఒక వాట్ వేడిగా మారుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి స్పర్శ ఇంకా సడలుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా కెమెరా ఆగిపోతుంది. పరిశోధకుడు బ్యాటరీనే అనుమానించి కొత్తది కొంటాడు, అది కూడా అలాగే ఆగిపోతుంది.

తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టం కాదు. ఏసీ అడాప్టరుతో నడిపితే కెమెరా నిలకడగా ఉండి, బ్యాటరీ తగిలించి మెల్లగా కదిపితే ఆగిపోతుంటే లోపం మౌంట్‌లోనే ఉందని భావించవచ్చు. అదే బ్యాటరీని మరో కెమెరాలో పెట్టి చూస్తే సందేహం తీరుతుంది.

3. ఆగిపోయిన ఫైలు

రికార్డింగు మధ్యలో కరెంటు పోతే పోయేది ఆ ఒక్క క్షణం కాదు. ఎంపీ4, ఎంవోవీ ఫైళ్లలో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక సాధారణంగా రికార్డింగు ఆపినప్పుడే చేరుతుంది. సూచిక లేని ఫైలు విషయసూచిక, పుట సంఖ్యలు లేని విడి కాగితాల కట్ట వంటిది. అందులో సమాచారం ఉన్నా తెరుచుకోదు. రెండు కార్డులపై ఏకకాలంలో రికార్డు చేసినా రెండు ఫైళ్లూ ఒకేసారి అసంపూర్ణమవుతాయి. ఇటువంటప్పుడు కార్డును ఫార్మాట్ చేయకూడదు, దానిపై కొత్తగా ఏదీ రికార్డు చేయకూడదు. సరైన బ్యాటరీతో అదే కెమెరాలో మళ్లీ పెడితే కొన్ని నమూనాలు ఫైలును తామే సరిచేసుకుంటాయి. దీర్ఘ కథాగానాన్ని ఒకే ఫైలుగా కాక, విరామాల దగ్గర ఆపి మొదలుపెట్టడం మేలు.

4. వారంటీ: వివాదం ఎక్కడ?

వారంటీ పత్రాలు సాధారణంగా తయారీ లోపాన్ని ఒప్పుకుంటాయి, భౌతిక నష్టాన్ని మినహాయిస్తాయి. మౌంట్ సరిగ్గా ఈ రెండింటి సరిహద్దులో ఉంటుంది. విరిగిన ప్లాస్టిక్ చూడగానే సర్వీస్ సెంటరు 'కింద పడింది' అని రాస్తుంది. అచ్చులో ఉన్న బలహీనత వల్లే విరిగిందని నిరూపించే భారం ఆచరణలో వాడినవారి మీద పడుతుంది. కాబట్టి మౌంట్ పూర్తిగా విరగక ముందే, వదులైన దశలోనే ఫిర్యాదు నమోదు చేయడం అన్నింటికంటే ముఖ్యం. బ్యాటరీ కదిపితే కెమెరా ఆగిపోవడాన్ని ఫోనుతో వీడియో తీసి, సీరియల్ నంబరు కనిపించే ఫొటోతో ఈమెయిలు పంపాలి. కెమెరా అప్పగించేటప్పుడు ఇచ్చే జాబ్ షీటులో 'బాడీపై దెబ్బలు లేవు' అని రాయించుకోకుండా సంతకం చేయరాదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 (2020 జూలై నుంచి అమలు) ఇక్కడ ఉపకరిస్తుంది. సెక్షన్ 2(7) ప్రకారం కొన్నవారే కాక, వారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులే. పునర్విక్రయానికి, వాణిజ్య ప్రయోజనానికి కొన్నవి మాత్రం దీని పరిధిలోకి రావు. సెక్షన్ 34 ప్రకారం కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సెక్షన్ 69 ఇచ్చే గడువు రెండేళ్లు. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే అక్కడే తేలిపోయే తగాదాలూ ఉంటాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అయితే అది సమాచార వేదిక, చట్టం కాదు. చవకగా దొరికిందని భారతీయ వారంటీ లేని దిగుమతి కెమెరా కొన్నవారికి ఈ మార్గాలన్నీ ఇరుకవుతాయి.

5. శాఖ కెమెరా, పరిశోధకుడి జేబు

శాఖ కెమెరా విరిగినప్పుడు సమస్య మరో రూపం తీసుకుంటుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు నో డ్యూస్ సంతకం కావాలి. గతంలో ముగ్గురు వాడి వదులు చేసిన మౌంట్ నాలుగో పరిశోధకుడి చేతిలో విరిగితే ఖర్చు అతనిపైనే పడే ప్రమాదం ఉంది. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ మౌంట్ ఫొటో తీసి రిజిస్టరులో నమోదు చేస్తే ఈ అన్యాయం చాలావరకు తగ్గుతుంది. కొనుగోలు దశలోనే శాఖ చేయగలిగిందీ ఉంది. సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం సరఫరాదారు ఇచ్చే పనితీరు హామీ, వారంటీ సహా అన్ని బాధ్యతలూ ముగిశాక 60 రోజుల వరకు చెల్లుబాటులో ఉండాలి. మౌంట్, టెర్మినళ్లు వారంటీలోకి వస్తాయని టెండరులోనే పేరుపెట్టి రాస్తే ఆ హామీకి పదును వస్తుంది. కెమెరా ధర, లెన్సు గురించి గంటలకొద్దీ చర్చించే కొనుగోలు కమిటీలు ఈ ఒక్క వాక్యాన్ని సులభంగా మరచిపోతాయి.

జాతర వారంలో ఉండగా మౌంట్ విరిగితే క్షణాల్లో అతికే జిగురు వాడరాదు. దాని ఆవిరి టెర్మినళ్లపై తెల్లటి పొరగా పేరుకుంటుంది, వారంటీ తిరస్కరణకు సాకు కూడా దొరుకుతుంది. కెమెరాకు డీసీ ఇన్‌పుట్ ఉంటే, దానికి సరిపోయే వోల్టేజీ, ధ్రువత గల ప్లేటు తీసుకుని బ్యాటరీని ట్రైపాడ్ కాలికి బిగించి కేబులుతో కరెంటు ఇవ్వవచ్చు. కేబులును కెమెరా పిడికి ఒక చుట్టు చుట్టి కట్టాలి. లేకపోతే జనం తోపులాటలో ఆ సాకెట్టు కూడా విరుగుతుంది.