మంచునేలపై విద్యుచ్ఛక్తి

మన యిండ్లలో మీట నొక్కినంతనే దీపము వెలుగును. ఆ శక్తి ఎచటనో విద్యుత్కేంద్రమున పుట్టి, తీగలవెంట మనకడకు వచ్చుచున్నది. తీగలే చేరని చోట, అందును నీరు రాయివలె గడ్డకట్టు చోట, గనులు త్రవ్వువారికి విద్యుత్తు ఎట్లు లభించును?

కెనడాదేశపు ఉత్తరభాగమున యెల్లోనైఫ్ అను పట్టణము కలదు. దానికి ఈశాన్యమున సుమారు 300 కిలోమీటర్ల దూరమున, లాక్ ద గ్రా అను సరస్సునందలి యొక దీవిలో, డయావిక్ వజ్రపుగని 2003లో పని ప్రారంభించెను. అచటికి విద్యుత్తీగలు లేవు. ఏడాది పొడవున నడచు రహదారియు లేదు. శీతకాలమున చలి సున్నకు దిగువ 40 డిగ్రీల వరకు పోవుట కలదు. అట్టిచోట విద్యుత్తు ఆగినచో కలుగునది చీకటి మాత్రమే కాదు. ఇండ్లు చల్లబడును, గొట్టములలోని నీరు గడ్డకట్టి వానిని పగులగొట్టును, మనుష్యుల ప్రాణములకే ముప్పు వాటిల్లును. కావున, గనిలో పని సాగినంతకాలము శక్తి నిచ్చుటకై డీజిల్ ఇంజనులతో నడచు జనరేటర్లను అచటనే నెలకొల్పిరి.

అయితే ఇంజనునకును చలి శత్రువే. డీజిల్‌లో మైనము వంటి పదార్థము కరగియుండును. చలి హెచ్చినప్పుడు అది సన్నని పలుకులై విడివడి, ఇంధనము పోవు దారిలోని వడపోతను మూసివేయును. చలికాలమున మన యిండ్లలో కొబ్బరినూనె పేరుకొనుట మీరు చూచియే యుందురు, ఇదియు అట్టిదే. కందెన నూనె చిక్కబడి యంత్రభాగములను సులభముగా కదలనీయదు. బ్యాటరీ బలము తగ్గును. అంతేకాక, డీజిల్ ఇంజనులో ఇంధనమును నిప్పురవ్వ మండించదు. గాలిని గట్టిగా అదుమగా పుట్టిన వేడికే అది మండవలెను. గాలియు లోహమును మిక్కిలి చల్లనై యున్నచో ఆ వేడి చాలదు.

అందుచేత అంతటి చలిలోను పేరుకొనకుండునట్లు తయారుచేసిన డీజిల్‌ను వాడుదురు. ఇంజనును గదిలో నుంచి, అది ఆగియున్నప్పుడు హీటర్లతో వెచ్చజేయుదురు. ఒకటి చెడినచో ఆదుకొనుటకు మరియొకదానిని సిద్ధముగా నుంచుదురు. ఇంధనమునందలి శక్తిలో సగమునకు పైగా వేడిగానే పోవును. ఆ వేడిని వ్యర్థము కానీయక, గొట్టములద్వారా మరలించి ఇండ్లను వెచ్చజేయవచ్చును.

ఇక అంత డీజిల్ అచటికి చేరుట యెట్లు? అందులకు చలియే తోడ్పడును. ఆ ప్రాంతమున గడ్డకట్టిన సరస్సులపై 1982లో మొదటిసారి మంచు రహదారి వేసిరి. అది ఏటేట కరగిపోవును. ఏటేట మరల వేయవలెను. సుమారు రెండు నెలలు మాత్రమే దానిపై లారీలు నడచును. బరువునకు మంచు వంగి, దాని క్రింది నీటిలో అలలు పుట్టును గనుక లారీలను మెల్లగా నడుపుదురు. 2006లో చలి తగ్గి రహదారి ముందుగానే మూతపడెను. అప్పుడు మిగిలిన సరకులను విమానములలో మోయవలసివచ్చెను. దానికైన వ్యయము అపారము. డీజిల్‌ను పొదుపు చేయుటకై 2012లో డయావిక్ గనివారు నాలుగు గాలిమరలను నిలిపిరి. మంచు పట్టకుండ వాని రెక్కలను వేడిచేయు ఏర్పాటును కూడ చేసిరి.

బాలలారా! ఇంజనును ఆపజూచు చలియే ఇంధనమునకు బాట పరచుచున్నది. ప్రకృతి స్వభావమును చక్కగా ఎరిగి మెలగువారికే అట్టిచోట దీపము ఆరక వెలుగును.